స్ప్లెండర్ మీద ఇద్దరం అరకు వెళ్ళగలమా? 350 కొనాల్సిందేనా?

మీరు అడిగింది ఇదీ. ఖమ్మంలో ఉంటారు. నాన్నగారు వాడిన 2019 స్ప్లెండర్ ప్లస్ ఇప్పుడు మీ చేతికొచ్చింది. డిసెంబరులో మీరూ, మీ ఆవిడా కలిసి భద్రాచలం, చింతూరు, మారేడుమిల్లి, లంబసింగి మీదుగా అరకు వెళ్ళాలనుకుంటున్నారు. మీ బరువు 68 కిలోలు, ఆమె 55. తోడొచ్చే స్నేహితులవి 350 సీసీ బళ్ళు. "వంద సీసీ ఘాట్ ఎక్కదు, ఇద్దరెక్కితే ఇంజన్ బిగుసుకుపోయి సీజ్ అవుతుంది, లోన్ పెట్టి పెద్ద బండి తీసుకో" అని వాళ్ళు చెబుతున్నారు. ముందు ముందు లడక్ కూడా చూడాలని మీ కోరిక.

వెళ్ళొచ్చు. లోన్ ఇప్పుడే పెట్టకండి. ఏజెన్సీ మండలాల్లో ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను తిరిగింది వంద సీసీ బండి మీదే. రిటైరయ్యాక టూర్లు తిరుగుతున్నదీ అలాంటి బండి మీదే. మీ స్నేహితులు ఘాట్ గురించి భయపెడుతున్నారు గానీ, చిన్న బండికి అసలు కష్టం ఘాట్‌లో రాదు, సాఫీగా ఉన్న నాలుగు లైన్ల హైవే మీద వస్తుంది. ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగతా ప్లానంతా దానంతటదే కుదురుతుంది కాబట్టి కొంచెం లెక్క చెప్తాను.

స్ప్లెండర్ ఇంజన్ 97.2 సీసీ, గరిష్ఠంగా సుమారు 8 హెచ్‌పీ (హార్స్ పవర్) శక్తి ఇస్తుంది. బండి బరువు 112 కిలోల దగ్గర. మీరిద్దరూ, కొంచెం సామానూ కలిపితే మొత్తం 250 కిలోల లోపే. మన దేశంలో కొండ రోడ్లను సాధారణంగా నూరు మీటర్లకు ఐదారు మీటర్లు ఎక్కేలా వేస్తారు, తప్పనిసరైన చోట ఏడు. ఆ ఏడు మీటర్ల వాలు మీద 250 కిలోల బరువును గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పైకి లాగడానికి కావాల్సిన శక్తి సుమారు రెండు హెచ్‌పీ. టైర్ల రాపిడి, గాలి అన్నీ కలిపినా మూడు దాటదు. అంటే ఘాట్‌లో మీ ఇంజన్ దగ్గర సగానికి పైగా శక్తి మిగిలే ఉంటుంది. హెయిర్‌పిన్ మలుపు లోపలి అంచున వాలు ఇంకా నిటారుగా ఉంటుంది, అక్కడ ఫస్ట్ గేర్ వేస్తారు, అంతే.

ఇప్పుడు హైవే సంగతి చూడండి. గాలిని చీల్చుకుని వెళ్ళడానికి కావాల్సిన శక్తి వేగంతో పాటు మామూలుగా పెరగదు, వేగం రెట్టింపైతే ఎనిమిది రెట్లవుతుంది. చదును రోడ్డు మీద 60లో వెళ్ళడానికి సుమారు మూడు హెచ్‌పీ సరిపోతే, 80లో వెళ్ళడానికి ఆరు దాటుతుంది. అంటే 80లో మీ బండి దాదాపు ఊపిరి బిగబట్టి పరుగెడుతున్నట్టే. ఎదురుగాలి తగిలినా, ఫ్లైఓవర్ ఎక్కినా స్పీడు పడిపోతుంది. వెనకాల లారీ హారన్ కొడుతూ ఉంటుంది, మీరు యాక్సిలరేటర్ చివరిదాకా తిప్పేసి ఉంటారు, ఇక చేతిలో ఏమీ మిగలదు. చిన్న బండి మీద టెన్షన్ అంటే అదే. గంటల తరబడి అలా ఫుల్ రేస్‌లో తోలితేనే ఇంజన్ వేడెక్కి ఆయిల్ తినడం మొదలుపెడుతుంది. ఘాట్‌లో సీజ్ అయిందని చెప్పుకునే చాలా బళ్ళలో విచారిస్తే తేలేది ఒకటే: ఆయిల్ లేదు, ఎవరూ చూసుకోలేదు.

కాబట్టి మీ బండి వేగం 50 నుంచి 60. రెండు లైన్ల రోడ్ల మీద మోటార్‌సైకిళ్ళకు ప్రభుత్వం పెట్టిన గరిష్ఠ పరిమితి కూడా 60యే. ఆ వేగంలో స్ప్లెండర్ లీటరుకు సుమారు 60 కిలోమీటర్ల మైలేజీ ఇస్తుంది, ఇద్దరితో ఘాట్‌లో కొంచెం తగ్గుతుంది. ట్యాంకు పది లీటర్ల దగ్గర. భద్రాచలంలో ఫుల్ చేయిస్తే ఏజెన్సీ దాటేదాకా బంకు కోసం వెతుక్కునే పని ఉండదు. అయినా రంపచోడవరంలోనో చింతపల్లిలోనో బంకు కనిపించినప్పుడు రెండు లీటర్లు పోయించుకోవడం మంచిది. సీసాల్లో అమ్మే పెట్రోలు జోలికి వెళ్ళొద్దు, అందులో ఏం కలిసిందో ఎవరూ చెప్పలేరు.

మీ విషయంలో నాకు నిజంగా ఆలోచించాల్సింది అనిపించింది బరువు గురించి. ఓనర్ మాన్యువల్‌లో పేలోడ్ అని ఒక అంకె ఉంటుంది, అంటే మనుషులూ సామానూ కలిపి బండి మోయాల్సిన గరిష్ఠ బరువు. వంద సీసీ బళ్ళకు ఇది సాధారణంగా 130 కిలోల దగ్గర ఉంటుంది, మీ పుస్తకం తీసి చూసుకోండి. మీరిద్దరూ 123. అంటే సామానుకు మిగిలింది ఏడు కిలోలు. చలికోట్లు, హెల్మెట్లు, బూట్లు కూడా అందులోకే వస్తాయి. మన ఊళ్ళల్లో స్ప్లెండర్ మీద రెండు బస్తాల వడ్లు వేసుకెళ్ళేవాళ్ళు ఉన్నారు కదా అంటారేమో. వాళ్ళు ఊరి పొలిమేర దాకా పాతికలో వెళ్తారు. మీరు ఘాట్ దిగాలి, బ్రేకులు పట్టాలి, గుంత తప్పించాలి. ఆ రెండూ ఒకటి కావు.

ఏడు కిలోల్లో ఇద్దరికి ఐదు రోజులు సరిపోతుందా అంటే సరిపోతుంది. ఒంటి మీద ఒక జత, సంచిలో ఒక జత. రాత్రి లాడ్జిలో ఉతికి ఆరేస్తే, అరకు చలిలో ఆరకపోయినా మర్నాటి మధ్యాహ్నానికి బండి మీదే ఆరిపోతాయి. దుప్పట్లు, పెద్ద టవళ్ళు, రెండో జత బూట్లు ఇంట్లో వదిలేయండి. మీ ఆవిడ బట్టలు, మీ బట్టలు వేర్వేరు సంచుల్లో కాకుండా ఒకే సంచిలో సర్దండి, ఒక సంచి బరువు తగ్గుతుంది. పనిముట్లు, ట్యూబు లాంటి బరువైనవి చిన్న సంచిలో పెట్టి ట్యాంకు మీద కట్టండి. బట్టల సంచి మాత్రం వెనక క్యారియర్ మీద, వీలైనంత ముందుకి, ఆమె నడుముకు ఆనేలా ఉండాలి. క్యారియర్ చివర బరువు వేలాడితే ముందు చక్రం తేలికైపోతుంది. ఎక్కుడు మలుపులో హ్యాండిల్ బెదిరినట్టు ఊగడానికి కారణం అదే, జనం మాత్రం "బండికి పవర్ లేదు" అనుకుంటారు.

కట్టడానికి కొక్కేలున్న ఎలాస్టిక్ తాళ్ళ కంటే పాత లారీ ట్యూబు కోసి చేసిన రబ్బరు పట్టీలు నయం. సంతకు కోళ్ళ గంపలు మోసేవాళ్ళ బళ్ళ మీద చూసే ఉంటారు. పంక్చర్ షాపులో అడిగితే పది, ఇరవై రూపాయలకు కోసి ఇస్తారు. వాటికి కొక్కెం ఉండదు కాబట్టి ఊడి చక్రంలో పడే భయం తక్కువ, ముడి వేస్తే గుంతల్లో కూడా జారదు. కొస మాత్రం వేలాడకుండా లోపలికి దోపాలి. మొదటి పది కిలోమీటర్లయ్యాక ఆగి, ఒకసారి మళ్ళీ బిగించండి. సామాను సర్దుకుని పట్టీ వదులయ్యేది అప్పుడే.

టైర్లలో గాలి ఎంత ఉండాలో చైన్ కవర్ మీదో, మాన్యువల్‌లోనో రాసి ఉంటుంది. వెనక టైరుకు ఒక్కరికి ఒక అంకె, ఇద్దరికి ఇంకో అంకె ఇస్తారు. మన దగ్గర చాలామంది ఎప్పుడూ ఒక్కరి అంకెతోనే తిరుగుతారు. ఇద్దరితో వెళ్ళేటప్పుడు రెండో అంకె దాకా కొట్టించాల్సిందే. లేకపోతే టైరు పక్కలు నలిగి వేడెక్కుతుంది, ట్యూబు పగిలేది అక్కడే.

రూటు ఎలాగూ మంచిదే ఎంచుకున్నారు. ఖమ్మం నుంచి పొద్దున్నే ఐదున్నరకు బయల్దేరితే కొత్తగూడెం మీదుగా టిఫిన్ వేళకు భద్రాచలం చేరతారు. అక్కడి నుంచి చింతూరు మీదుగా మారేడుమిల్లి వంద కిలోమీటర్లు దాటుతుంది, చివరి భాగమంతా అడవి, మలుపులు. మధ్యాహ్నం మూడింటికల్లా మారేడుమిల్లిలో దిగేలా చూసుకోండి. గూగుల్ చూపించే టైముకు మూడో వంతు కలుపుకుంటే మీ టైము వస్తుంది. మర్నాడు రంపచోడవరం, అడ్డతీగల, రాజవొమ్మంగి, కృష్ణదేవిపేట మీదుగా చింతపల్లి, లంబసింగి. కృష్ణదేవిపేటలో అల్లూరి సీతారామరాజు సమాధి ఉంది, అక్కడ ఆగకుండా వెళ్ళకండి. మూడో రోజు పాడేరు, అరకు. ఈ రోడ్డు ఇప్పుడు జాతీయ రహదారి 516ఈ, వెడల్పు పనులు జరిగిన చోట్ల కంకర, మట్టి తగలొచ్చు. అలాంటి చోట మీ బండి తేలిక ఎంత వరమో తెలుస్తుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బరువు 195 కిలోలు. బురదలో పడితే లేపడానికి ఇద్దరు కావాలి. స్ప్లెండర్‌ను మీరొక్కరే లేపుతారు. ఇరుకు రోడ్డులో వెనక్కి తిప్పాలంటే కాలు నేల మీద ఆనించి తిప్పేస్తారు.

చీకటి పడ్డాక మాత్రం అడవి రోడ్డు మీద ఉండొద్దు. ఈ తరం వంద సీసీ బళ్ళ హెడ్‌లైట్ అసలే అంతంతమాత్రం, పైగా చాలా బళ్ళలో రేస్ తగ్గిస్తే లైటు మసకబారుతుంది. మలుపులో వేగం తగ్గించిన క్షణంలోనే వెలుతురు పోతుంది, అంటే ఎక్కువ కావాల్సిన చోటే తక్కువవుతుంది. డిసెంబరులో ఐదున్నరకే లోయల్లో నీడలు కమ్ముకుంటాయి. లంబసింగిలో పొగమంచు కోసం తెల్లవారుజామున బయల్దేరేవాళ్ళను చూసి మీరు తొందరపడకండి. ఏడింటి దాకా ఆగినా మంచు అక్కడే ఉంటుంది. మీది కార్బొరేటర్ బండి కాబట్టి ఆ చలిలో చోక్ లాగి కిక్ కొట్టండి, రెండు నిమిషాలు నిలకడగా ఆడాక చోక్ మూసేయండి. మర్చిపోయి అలాగే నడిపితే స్పార్క్ ప్లగ్ నల్లబడి బండి మధ్యలో మొరాయిస్తుంది. అందుకే ఒక స్పేర్ ప్లగ్ పెట్టుకోమంటాను.

ఎక్కేటప్పుడు చేయాల్సింది ఒకటే, ఇంజన్ మూలిగే ముందే గేర్ తగ్గించడం. థర్డ్‌లో డుబ్ డుబ్‌మని కొట్టుకుంటూ లాగిస్తే లోపల బేరింగుల మీద బరువు పడుతుంది. సెకండ్‌లో గుయ్‌మని ఎక్కితే శబ్దం ఎక్కువ గానీ ఇంజన్‌కు సుఖం. హాఫ్ క్లచ్ పట్టి లాగొద్దు, పది మలుపులకే క్లచ్ ప్లేట్ల వాసన వస్తుంది. మలుపు కనిపించగానే, ఇంకా తిరగకముందే గేర్ వేసేసి ఉండాలి. అరగంట ఎక్కాక ఐదు నిమిషాలు ఆపినా చాలు, గాలికి చల్లబడే ఇంజన్ అది.

దిగడం మీద ఎక్కువ జాగ్రత్త. పెట్రోలు మిగులుతుందని ఇంజన్ ఆపేసి, న్యూట్రల్‌లో ఘాట్ దిగే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది. దయచేసి ఆ పని చేయకండి. మీ బండికి రెండు వైపులా డ్రమ్ బ్రేకులే. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాకా బళ్ళకు కలిపి పట్టే బ్రేకు తప్పనిసరి చేశారు కాబట్టి మీది ఆ తర్వాతి బండైతే వెనక పెడల్ తొక్కినా ముందు బ్రేకు కొంత పడుతుంది. అయినా డ్రమ్ లోపల పుట్టిన వేడి తొందరగా బయటికి పోదు. 240 కిలోల బరువును కొండ మీంచి కిందిదాకా బ్రేకులతోనే ఆపుతూ వస్తే లైనర్లు కాలి, పెడల్ తొక్కినా బ్రేకు పట్టనట్టు ఉంటుంది. ఏ గేర్‌లో ఎక్కారో అదే గేర్‌లో దిగండి. ఇంజన్ ఆన్‌లోనే ఉండాలి, యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేయాలి, అప్పుడు ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకు గట్టిగా పట్టి వదలాలి, ఊరికే ఆనించి ఉంచకూడదు.

బయల్దేరే ముందు సర్వీసు అంటే నీళ్ళు కొట్టి పాలిష్ చేయించడం కాదు. కొత్త ఆయిల్ పోయించండి, ఇందులో ఒక లీటరు కూడా పట్టదు. ఆయిల్ చూసేటప్పుడు బండిని మెయిన్ స్టాండ్ వేసి, స్టిక్ తుడిచి, మరలో బిగించకుండా ఊరికే ఆనించి తీసి చూడాలి. బిగించి తీస్తే ఉన్నదానికంటే ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది. బ్రేకు పట్టినప్పుడు డ్రమ్ ప్లేటు మీద ఉన్న బాణం గుర్తు, పక్కనున్న గీతను చేరిందంటే లైనర్లు అయిపోయినట్టే, మార్పించేయండి. చైన్ మీద మూత ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. రబ్బరు బిళ్ళ తీసి వేలితో పైకీ కిందికీ కదిపితే రెండు, రెండున్నర సెంటీమీటర్లు ఆడాలి. ఇద్దరు కూర్చుంటే ఇంకా బిగుస్తుంది, అందుకని మరీ బిగించొద్దు. వెనక చక్రం హబ్ రబ్బర్లు అరిగిపోతే గేర్ మార్చినప్పుడల్లా టక్‌మని కొడుతుంది, తక్కువ ఖర్చే కాబట్టి చూపించండి. ఎయిర్ ఫిల్టర్ కొత్తది వేయించండి. ఇవన్నీ ట్రిప్పుకు రెండు వారాల ముందు చేయించి, ఒక ఆదివారం ఇద్దరూ ఆ సామానుతోనే పాలేరు దాకానో, ఇంకొంచెం దూరమో వెళ్ళి రండి. ఏది వదులైందో, ఎవరికి ఎక్కడ నొప్పి పుట్టిందో అప్పుడే తెలిసిపోతుంది.

వెంట తీసుకెళ్ళాల్సినవి తక్కువే: ముందు, వెనక ట్యూబులు, ప్లగ్, ప్లగ్ పానా, క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్, ఒక బల్బు, చిన్న పంపు. కేబుళ్ళను సంచిలో పెట్టుకోవడం కంటే పాత కేబుల్ పక్కనే కొత్తది కూడా లాగించి, రెండు కొసలూ కట్టి ఉంచమని మెకానిక్‌కు చెప్పండి. తెగినప్పుడు ట్యాంకు విప్పే పని లేకుండా కొసలు మార్చి బిగిస్తే సరి. మిగతావి మోయక్కర్లేదు. చింతూరులోనైనా, అడ్డతీగలలోనైనా స్ప్లెండర్ విప్పడం రాని మెకానిక్ ఉండడు, సామాను దొరకని షాపూ ఉండదు. ఇది 1994 నుంచి మన ఊళ్ళల్లో నలిగిన బండి. పెద్ద బండి ఏజెన్సీలో ఆగిపోతే వ్యాన్‌లో ఎక్కించి రాజమండ్రికో, విశాఖకో దింపాల్సిన పరిస్థితి రావచ్చు.

స్నేహితుల సంగతి. వాళ్ళ వెనక పరుగెత్తడం ఒక్కటి మానుకుంటే చాలు. బయల్దేరే ముందే చెప్పండి, "మేం అరగంట ముందు వెళ్తాం, భద్రాచలం బ్రిడ్జి దగ్గర కలుద్దాం, తర్వాత చింతూరులో టీ" అని. ఘాట్ మొదలయ్యాక అందరి వేగం ముప్పై, నలభయ్యే. 350 అయినా మలుపు మలుపే. ఓవర్‌టేక్ చేయడానికి మాత్రం మీకు వాళ్ళకంటే ఎక్కువ రోడ్డు కావాలి. ఇద్దరితో ఉన్న వంద సీసీ బండికి బస్సును దాటే పికప్ ఉండదు. బస్సు ఏదో ఒక ఊళ్ళో ఆగుతుంది, అప్పటిదాకా వెనకాలే ఉండండి.

తిరుగు ప్రయాణంలో అరకు నుంచి శృంగవరపుకోట మీదుగా విశాఖ దిగి, హైవే పట్టుకుని వద్దామని మీరు రాశారు. ఆ ఒక్కటీ నాకు నచ్చలేదు. విశాఖ నుంచి రాజమండ్రి దాకా లారీలు, బస్సులు 80, 90లో పోతుంటే మీరు ఇద్దరితో 55లో ఎడమ అంచున ఉండాలి. వచ్చిన దారినే వెనక్కి రండి, లేదా విశాఖలో బండిని రైలు పార్సిల్‌లో వేసేయండి. పార్సిల్ ఛార్జీ బరువును, దూరాన్ని బట్టి ఉంటుంది, తేలిక బండికి అక్కడా లాభమే. ఆర్‌సీ, గుర్తింపు కార్డు జిరాక్సులు కావాలి, ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి. స్టేషన్ బయట గోనె సంచులు, గడ్డి చుట్టి ప్యాక్ చేసేవాళ్ళు ఉంటారు. ఖమ్మంలో దించే రైలు ఏదో పార్సిల్ ఆఫీసులో ముందే అడిగి పెట్టుకోండి.

పెద్ద బండి ఎప్పుడు కొనాలంటారా? ఇద్దరూ కలిసి ఏడాదికి నాలుగైదు సార్లు తిరగాలని నిజంగా అనిపిస్తే, ఇద్దరి బరువే 130 దాటితే, లేదా రోజూ హైవే మీద వెళ్ళాల్సి వస్తే కొనండి. అప్పుడు కూడా నేను నేరుగా 350కి వెళ్ళమనను. 160 సీసీ హోండా యూనికార్న్ 140 కిలోల దగ్గర ఉంటుంది, 80లో కూడా శక్తి మిగులుతుంది, ముందు డిస్క్ బ్రేకు, గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉంటాయి. మట్టి రోడ్లు ఎక్కువ తిరిగేవాళ్ళకు హీరో ఎక్స్‌పల్స్ 200 ఉంది, అది 160 కిలోల దగ్గర. సీటు ఎత్తు ఎక్కువ కాబట్టి కొనే ముందు మీ ఆవిడను ఎక్కించి, దించి చూడండి. ఈ రెండూ సెకండ్ హ్యాండ్‌లో బాగా దొరుకుతాయి. 350 మీద మీకు ఇష్టం ఉంటే అది వేరే సంగతి, ఇష్టంతో కొనుక్కోండి. అరకు ఎక్కదన్న భయంతో మాత్రం వద్దు.

ఇక లడక్. చిన్న బళ్ళ మీద ఇంతకంటే చాలా పెద్ద ప్రయాణాలు జరిగాయి. బ్రిటన్‌కు చెందిన లోయిస్ ప్రైస్ అనే ఆమె 225 సీసీ యమహా మీద అలాస్కా నుంచి దక్షిణ అమెరికా చివరిదాకా వెళ్ళింది. నాథన్ మిల్‌వార్డ్ అనే ఆయన ఆస్ట్రేలియాలో పోస్ట్‌మ్యాన్‌లు వాడే 105 సీసీ హోండా మీద సిడ్నీ నుంచి లండన్ చేరాడు. లడక్‌లో మీకు ఎదురయ్యే సమస్య గాలి పలచబడటం. ఖర్దుంగ్ లా కనుమ 17,582 అడుగుల ఎత్తు, అక్కడ గాలి మనకున్న దానిలో దాదాపు సగం. మీ ఎనిమిది హెచ్‌పీ నాలుగు చిల్లర అవుతుంది. ఒక్కరే అయితే ఫస్ట్, సెకండ్ గేర్లలో ఎక్కేస్తుంది, ఇద్దరితో చాలా కష్టం. కార్బొరేటర్ బండి అక్కడ పెట్రోలు ఎక్కువ తాగి నల్ల పొగ వదులుతుంది, మనాలిలో మెకానిక్ చేత గాలి స్క్రూ సర్దించుకోవాలి. 2020 తర్వాతి ఫ్యూయల్ ఇంజెక్షన్ బళ్ళు ఆ సర్దుబాటు వాటంతటవే చేసుకుంటాయి, శక్తి మాత్రం వాటికీ తగ్గుతుంది. ఒక విషయంలో మాత్రం మీరే రాజు. మనాలి దాటాక తాండి బంకు దగ్గర "తర్వాతి బంకు 365 కిలోమీటర్లు" అన్న బోర్డు చూసి పెద్ద బళ్ళవాళ్ళు క్యాన్లు కట్టుకునేవాళ్ళు. ఒక్కరితో వెళ్ళే స్ప్లెండర్ ఫుల్ ట్యాంకుతో ఆ దూరం దాటేస్తుంది.

అరకు వెళ్ళొచ్చాక బండి ఎలా లాగిందో, మీ ఆవిడకు సీటు ఎలా ఉందో ఇక్కడే రాయండి. ఆమెకు నడుం నొప్పి వచ్చిందంటే లడక్‌కు వేరే లెక్క వేద్దాం.